బలం పొడి

లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఒక రేవులో లాంచీ నడిపే ఆయన్ని అలా పిలిచి పిలిచి, అక్కడ సగం మంది అదే ఆయన అసలు పేరనుకునేవాళ్ళు. సొంత అక్క కూడా కోపమొస్తే "ఏరా సరంగూ" అనేది. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళైంది, పిల్లల్లేరు. అక్కకీ ఎవరూ లేరు కనక తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. నది ఒడ్డునే మేడ మీద రెండు గదుల వాటా వాళ్ళది. కింద తాళ్ళూ లంగర్లూ అమ్మే దుకాణం. కిటికీ తీస్తే డీజిలు వాసనా నీళ్ళ వాసనా కలగలిసి వచ్చేవి.

నది బాగా వెడల్పు. ఎగువన వంతెన ఉంది గానీ అటు తిరిగి వెళ్ళాలంటే పూట గడిచిపోతుంది. అందుకే అందరూ లాంచీ ఎక్కేవాళ్ళు. ఆ ఎక్కేవాళ్ళలో ఒకావిడ ఉండేది. అవతలి ఒడ్డున పుస్తకాలు బైండింగు చేసే షాపు ఆవిడది. ఇవతలి ఒడ్డున ఉన్న ప్రెస్సు నుంచి అచ్చయిన కాగితాల కట్టలు తీసుకెళ్ళి, కుట్టి, అట్టలు వేసి మళ్ళీ తెచ్చి ఇచ్చేది. మొదటిసారి ఎక్కిన రోజునే కట్టల మీద నీటి తుంపర పడుతోందని కంగారుపడి, చుక్కాని గది గుమ్మం దగ్గరికి వచ్చేసింది.

"ఇక్కడ నిలబడొచ్చా?"

"కట్టలు లోపల పెట్టండి. మీరు మాత్రం ఈ గీతకి అవతలే. రూలు."

అప్పటి నుంచీ కట్టలు లోపల, ఆవిడ గీతకి అవతల. ఏళ్ళు గడిచిపోయాయి. ఆవిడ ఒంటరి మనిషని తెలిసింది. జిగురు కాచే వాసన ఆవిడకి ఇష్టమని తెలిసింది. పుస్తకం కుట్టడం వచ్చాక దాన్ని చదవబుద్ధి కాదనీ, వెన్ను ఎలా ఉందో చూడబుద్ధవుతుందనీ ఒకసారి చెప్పి నవ్వింది. ఆయన ప్రవాహం గురించి చెప్పేవాడు. ఇసుక తిన్నె ఏటేటా ఎటు జరుగుతుందో, నీటి రంగు మారితే ఏమిటో చెప్పేవాడు. రేవు రాగానే ఆవిడ కట్టలు తీసుకుని "వస్తానండీ" అనేది. ఆవిడ దారి ఆవిడది. ఆయన ఒక్కసారైనా రేవు దాటి ఆవిడ వెంట నాలుగడుగులు వేసింది లేదు. వెయ్యాలని ఎన్నోసార్లు అనిపించింది. జనం ఎక్కడానికి సిద్ధంగా ఉండేవాళ్ళు, లాంచీ తిప్పాలి. ఏ మాట చెప్పాలన్నా ఆ కాస్త నీటి దూరంలోనే చెప్పుకోవాలి. చెప్పవలసిన మాట ఎప్పుడూ మిగిలిపోయేది. రేపు చెప్పొచ్చులే అనుకునేవాడు. రేపనేది ఉంటుందని నమ్మకం ఉన్నవాడికి తొందరేముంటుంది?

ఒక పొద్దున లాంచీని రేవుకి చేరుస్తుంటే ఆయనకి కళ్ళు తిరిగాయి. లాంచీ రేవు గోడకి వేలాడదీసిన టైర్లని గట్టిగా రాసుకుంటూ ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ రేవు ఆఫీసు వాళ్ళు ఊరుకోలేదు, ఆస్పత్రికి పంపారు. రక్తపోటు ఎక్కువుంది, గుండె కొట్టుకోవడంలో కాస్త బలం తగ్గింది అని తేల్చారు. రెండు రకాల మాత్రలు రాశారు. ఉప్పు తగ్గించమన్నారు. రెండు వారాల్లో వచ్చి రక్తం పరీక్ష చేయించుకొమ్మన్నారు. ఆఫీసు వాళ్ళేమో మూడు నెలలు చుక్కాని పట్టొద్దు, తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే చూద్దాం అన్నారు.

ఆయన రక్తం పరీక్షకి వెళ్ళలేదు. సూదంటే భయమేం కాదు. ఆస్పత్రికి వెళ్ళాలంటే రేవు ముందు నుంచే నడవాలి. పనిలేని మనిషిగా ఆ దారిన నడవడం ఆయనకి తలకొట్టేసినట్టుండేది.

ఇంట్లో కూర్చుంటే లాంచీ హారను వినపడేది. కొత్త సరంగు అవసరానికి మించి లాగేవాడు. "చెవుల్లో చీపురు పుల్ల పెట్టినట్టుంది వీడి హారను" అని అక్క విసుక్కునేది. ఈయన మాత్రం ప్రతి హారనుకీ లెక్కకట్టుకునేవాడు. ఇప్పుడు బయల్దేరింది, ఇప్పుడు తిన్నె దాటింది, ఇప్పుడు అవతలి రేవులో ఆవిడ కట్టలతో నిలబడి ఉంటుంది. తన గురించి ఎవరిని అడుగుతుంది? గీత అవతలే నిలబడుతోందా? కొత్తవాడు కట్టలు లోపల పెట్టనిస్తున్నాడా? వెళ్ళి టికెట్టు కొనుక్కుని ఎక్కితే ఎవరూ వద్దనరు. కానీ ఇన్నేళ్ళు చుక్కాని పట్టుకుని మాట్లాడినవాడు, ఇప్పుడు బల్ల మీద కూర్చుని, జబ్బు మనిషిగా ఆవిడకి కనపడటమా? ముందు పరీక్ష నెగ్గాలి, ఆ తర్వాతే.

లాంచీ ఇంజను చూసే మేస్త్రి సాయంత్రాలు వచ్చి కూర్చునేవాడు. సరంగు కంటే పదేళ్ళు చిన్న. దుక్కలాంటి మనిషి, దాచుకోవడం తెలీని నోరు.

"అన్నా, బైండింగమ్మ నిన్నడిగింది," అన్నాడొక రోజు.

సరంగు టీ కప్పు కింద పెట్టాడు. "ఏమని?"

"సరంగు గారు ఎలా ఉన్నారని."

"అంతేనా?"

"అంతే."

"నువ్వేమన్నావు?"

"బాగానే ఉన్నాడన్నాను."

"దానికి ఆవిడేమంది?"

"ఏమంటుంది? అలాగా అంది."

"ఎలా అంది?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "నోటితోనే అందన్నా."

లోపల్నుంచి అక్క ఫక్కున నవ్వింది. సరంగు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ 'అలాగా'ని ఆయన ఆ వారమంతా దగ్గర పెట్టుకున్నాడు. ఊరికే అన్నదా? నిట్టూర్చిందా? బాగానే ఉంటే రాడేం అని నొచ్చుకుందా?

ఆ రోజుల్లోనే ఆయన పిక్కలు పట్టెయ్యడం మొదలైంది. మంచం మీద కాలు చాపితే కండ ముడిపడి ప్రాణం తీసేది. మేస్త్రికి ఆ సంగతి చెబితే, మర్నాడే ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇంజను గదిలో చెమట కారిపోయి నాకూ ఇలాగే పట్టేసేవి. ఇది నీళ్ళలో కలుపుకుని తాగుతున్నా, చూడు ఎలా ఉన్నానో. ఒంట్లో లవణాలు తగ్గితే కండకి బలం ఉండదు."

"డాక్టర్ని అడగొద్దా?"

"మందైతే అడగాలి. ఇది మందు కాదన్నా, ఒట్టి ఖనిజాలు. మట్టిలో, నీళ్ళలో ఉండేవే. దీనికీ చీటీ కావాలంటే ఇంక మంచినీళ్ళకి కూడా చీటీ రాయించుకోవాలి."

ఆ మాట సరంగుకి నచ్చింది. ఏటి మీద బతికినవాడికి, నీళ్ళలో ఉండేది చెడు చేస్తుందంటే నమ్మకం కుదరదు.

అక్క కూడా తన వంతు తాను చేసింది. ఉప్పు తగ్గిస్తే తమ్ముడు ముద్ద దిగక నానా యాతన పడుతున్నాడని, షాపులో వాకబు చేసి, రక్తపోటు ఉన్నవాళ్ళ కోసం అమ్మే వేరే ఉప్పు పట్టుకొచ్చింది. "ఉప్పు తగ్గించమన్నారు గానీ రుచి తగ్గించమన్నారా?" అని ధైర్యంగా చేతినిండా వేసి వండింది.

మొదట్లో బాగానే ఉన్నట్టనిపించింది. పిక్కలు పట్టెయ్యడం తగ్గింది. పొడి వల్లే తగ్గిందని ఆయన నమ్మాడు. మూడో వారానికి మరో రకం ఇబ్బంది మొదలైంది. కాళ్ళు నొప్పి లేదు గానీ బరువెక్కాయి. మెట్లెక్కుతుంటే తడిసిన తాడుని లాగుతున్నట్టుండేది. వేళ్ళ చివర్లలో చీమలు పాకేవి. కూర్చుని లేవాలంటే కుర్చీ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది.

"ఒరేయ్, ఏమిటా నడక? ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళిరా," అంది అక్క.

"వెళితే పరీక్ష వాయిదా వేయిస్తారు. ఇంకాస్త బలం పట్టాలంతే."

బలం పట్టాలని రోజుకి ఒక గ్లాసు తాగేవాడు రెండు తాగాడు. పరీక్ష దగ్గర పడే కొద్దీ మూడు. కాళ్ళు ఎంత లాగేస్తే పొడి అంత ఎక్కువ కలిపేవాడు. మాత్రలు కూడా ఆ నీళ్ళతోనే మింగేవాడు, పనిలో పని అని.

పరీక్ష రోజు పొద్దున చక్కగా గడ్డం గీసుకుని, పాత యూనిఫారం చొక్కా తొడుక్కున్నాడు. మేస్త్రి తోడొచ్చాడు. రేవు ఆఫీసులో పరీక్ష గది పై అంతస్తులో ఉంది. మెట్ల కిటికీలోంచి లాంచీ కనపడుతోంది. అప్పుడే వచ్చి ఆగింది, జనం దిగుతున్నారు. ఆయన చూపు ఆ జనంలో వెతుకుతుండగానే కాళ్ళు ఆయనవి కాకుండా పోయాయి. మోకాళ్ళు రెండూ ఒక్కసారే మడతపడ్డాయి. రెయిలింగు పట్టుకోబోతే చేతికీ పట్టు చిక్కలేదు. గుండె ఒకసారి కొట్టుకుని, మళ్ళీ కొట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. మేస్త్రి వెనకే ఉన్నాడు కాబట్టి తల మెట్టుకి తగల్లేదు. "అన్నా, అన్నా" అని వాడు అరవడం ఎక్కడో దూరం నుంచి వినపడింది.

ఆస్పత్రిలో ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ పట్టీ తీశారు. ఒక డాక్టరమ్మ ఆ పట్టీ చూసి, రక్తం తీయించి, ఫలితం వచ్చేలోపే చేతికి సూది గుచ్చి మందెక్కించింది.

"ఏమేం వాడుతున్నారు?" అని అడిగింది.

"రెండు మాత్రలండీ. అంతే."

ఆయన అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో అంతే. ఇంతలో అక్క రొప్పుకుంటూ వచ్చింది. గ్లూకోజుతో పాటు ఇన్సులిను ఎక్కిస్తున్నారని విని లేచి నిలబడింది. "అయ్యో, వాడికి షుగరు లేదమ్మా! ఇంకెవరి మందో ఇచ్చేస్తున్నారు!"

"తెలుసు పెద్దమ్మా. ఇది షుగరుకి కాదు. ఆయన రక్తంలో పొటాషియం ఉండాల్సినదాని కంటే బాగా ఎక్కువుంది. దాన్ని తాత్కాలికంగా రక్తంలోంచి పక్కకి నెట్టడానికి," అంది డాక్టరమ్మ. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మందులు కాదు, వేరేవి చెప్పండి. పొడులు, టానిక్కులు, బలానికని ఏమైనా? వంటలో ఉప్పు మార్చారా?"

అక్క మేస్త్రి వైపు చూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి తల దించుకున్నాడు.

"పొడి ఉందండీ," అన్నాడు వాడే. "నేనే ఇచ్చాను. అది మందు కాదు కదా అని..."

"ఉప్పు నేను మార్చాను," అంది అక్క. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

డాక్టరమ్మ ఎవర్నీ కోప్పడలేదు. సరంగుకి అర్థమయ్యేలా చెప్పింది. "మీకు రాసిన రెండు మాత్రలూ మంచివే. కానీ రెండూ పొటాషియాన్ని ఒంట్లోంచి బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. మామూలుగా అయితే ఎక్కువైనది మూత్రంలో పోతుంది. మీకు ఆ తలుపు సగం మూసి ఉంది. మీరేమో పొడిలో అదే తాగారు, ఆ ఉప్పులోనూ సోడియం తగ్గించి బదులుగా పెట్టేది పొటాషియమే. లోపలికి రావడమే గానీ పోవడం లేదు. అది మితిమీరితే కండలు సడలిపోతాయి. గుండె కూడా కండే."

"అంటే కాళ్ళకి బలమని తాగిందే..."

"అదే కాళ్ళని లాగేసింది. ఇంకొన్నాళ్ళు ఆగితే గుండెని ఆపేసేది."

"మరి వీడికేం కాలేదే?" సరంగు మేస్త్రి వైపు చూపించాడు.

"ఆయన మీ మాత్రలు వేసుకోవడం లేదు, ఆయన మూత్రపిండాలు ఎక్కువైనది బయటికి తోసేస్తున్నాయి. ఒకరికి పడినది ఇంకొకరికి పడాలని లేదు. పిక్కలు పట్టేస్తే లవణం తగ్గినట్టే అని కూడా లేదు, దానికి వేరే కారణాలుంటాయి. రక్తం చూడకుండా తెలీదు. ఆ పరీక్షకే మిమ్మల్ని రమ్మన్నారు." ఆవిడ లేస్తూ అంది, "ఇకపై ఇంట్లో ఉన్న డబ్బాలూ సీసాలూ అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. మందు అవునో కాదో మీరు తేల్చకండి. అలాగని భయపడి మీ అంతట మీరు మాత్రలు ఆపెయ్యకండి కూడా. ఏది ఉంచాలో ఏది మార్చాలో మేం చెబుతాం."

ఆయన అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాడు. "ఫిట్‌నెస్ పరీక్ష మళ్ళీ ఎప్పుడు చేయించుకోవచ్చండీ?"

ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "పొటాషియం తగ్గుతుంది, కాళ్ళు మామూలవుతాయి. కానీ మీ గుండె సంగతి వేరు. అంతమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని చుక్కాని పట్టడానికి నేను ఒప్పుకోలేను."

ఆయన తలూపాడు. అక్క ఆయన పాదాల మీద దుప్పటి సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

ఇంటికొచ్చాక కాళ్ళు నిజంగానే తేలికపడ్డాయి. అదే ఆయనకి మరీ కష్టమనిపించింది. నడవగలడు, ఎక్కడికని నడవాలి? మేస్త్రి రెండు రోజులు మొహం చాటేశాడు. మూడో రోజు సరంగే కబురు పెట్టి పిలిపించాడు.

"నిన్ను చంపేసేవాణ్ణి కదన్నా," అన్నాడు వాడు గుమ్మంలోనే.

"నువ్వు వెనకాల లేకపోతే మెట్ల మీదే పోయేవాణ్ణి. ఆ లెక్క ఈ లెక్కకి చెల్లు. కూర్చో."

కూర్చున్నాడు గానీ వాడి దగ్గర మరో కబురుంది. అది చెప్పడానికి తటపటాయించాడు. "బైండింగమ్మ రావడం లేదన్నా. ప్రెస్సువాళ్ళు పుస్తకాలు కుట్టే మిషను కొనుక్కున్నారు. ఇంక ఆవిడకి ఇటు పనేం లేదు."

 ఇన్నాళ్ళూ లాంచీ తనదైనా కాకపోయినా, ఆవిడ దాని మీద ఉంటుందన్న ఊహ ఉండేది. కళ్ళు మూసుకుంటే గీత అవతల ఆవిడ నిలబడి ఉండేది. ఇప్పుడు ఆ చోటు ఖాళీ. హారను వినపడితే లెక్కకట్టుకోవడానికి కూడా ఏమీ లేదు.

అక్క గిన్నెలు తోముతూ లోపల్నుంచి అంది. "నీళ్ళకి అవతల ఊరుందిరా. అక్కడ మనుషులుంటారు. వాళ్ళకి ఇళ్ళుంటాయి, గుమ్మాలుంటాయి. వెళ్ళి తలుపు కొడితే తీస్తారు."

"ఏమని వెళ్ళను?"

"కాళ్ళున్నాయని వెళ్ళు."

మర్నాడు ఆయన టికెట్టు కొనుక్కుని లాంచీ ఎక్కాడు. కొత్త సరంగు చూసి గబగబా లేచి, చుక్కాని దగ్గరికి రమ్మన్నాడు. ఈయన నవ్వి వద్దన్నాడు. బల్ల మీద జనం మధ్య కూర్చున్నాడు. తిన్నె దగ్గర వాడు మలుపు కాస్త ముందే తిప్పాడు. నోటి దాకా వచ్చిన మాటని మింగేశాడు. చేతులు మాత్రం మాట వినలేదు, మోకాళ్ళ మీదే చుక్కాని తిప్పాయి. పక్కన కూర్చున్న ముసలాయన అది చూసి కాస్త జరిగి కూర్చున్నాడు.

అవతలి రేవులో దిగి, ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఏటవాలు దారి ఎక్కాడు. అది ఎక్కాక ఎడమకి ఒక వీధి ఉందని ఆయనకి ఆ రోజే తెలిసింది. ఇద్దర్ని అడిగితే షాపు చూపించారు. సన్నటి గది. గోడ వెంట అట్టలు, మధ్యలో పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సు, బల్ల మీద దారపు ఉండలు. ఆవిడ వెలుతురు వైపు వంగి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆయనకి గుర్తున్నదాని కంటే బాగా పాలిపోయి ఉంది.

తలెత్తి చూసింది. సూది చేతిలోనే ఉండిపోయింది.

"మీరా?"

"నేనే."

"ఇప్పుడు లాంచీ ఎవరు..."

"ఇంక నేను నడపను," అన్నాడు. అనుకున్నంత కష్టం కాలేదు ఆ మాట.

ఆవిడ స్టూలు లాగి వేసింది. ఆయన కూర్చున్నాడు. ఇక్కడ రేవు రాదు, ఎవరూ దిగక్కర్లేదు. కావలసినంత సమయం ఉండటంతో మాట ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు. ఆవిడ టీ పోసి ఇచ్చింది. తన కప్పు తీసుకుని, బల్ల సొరుగులోంచి రెండు మాత్రల పట్టీలు తీసి, ఒక్కొక్కటి నొక్కి తీసి నోట్లో వేసుకోబోయింది.

"అవేంటండీ?" అన్నాడు సరంగు కంగారుగా.

"ఒకటి థైరాయిడుకి. ఇంకోటి ఎముకలకి కాల్షియం, మా పక్కింటావిడ మంచిదంటే కొన్నాను. మర్చిపోతానని రెండూ ఒకేసారి వేసుకుంటా. అయినా ఈ మధ్య ఒకటే నీరసం. కట్టలు మొయ్యలేకపోతున్నా."

"రెండూ కలిపి వేసుకోవచ్చని డాక్టరు చెప్పారా?"

"కాల్షియానికి డాక్టరెందుకు? అది మందు కాదుగా."

సరంగు కప్పు పక్కన పెట్టేశాడు. తన సంగతంతా చెప్పాడు. పొడి, ఉప్పు, మెట్లు, గుండె, ఏదీ దాచలేదు. "మీ మాత్రల సంగతి నాకు తెలీదు. అవి కలిస్తే మంచో చెడో నేను చెప్పలేను. కానీ అడగండి. డాక్టర్నో, మందుల షాపాయన్నో. అడక్కుండా మాత్రం వేసుకోకండి."

ఆవిడ మాత్రలు రెండూ బల్ల మీద పెట్టేసింది. "మీరు మెట్ల మీద పడిపోతే నాకెవరూ చెప్పలేదు. ఆ మేస్త్రి బాగానే ఉన్నారన్నాడు. బాగానే ఉండి కనపడటం లేదంటే, నా మీద ఏదో కోపమనుకున్నా. వచ్చినప్పుడల్లా రెండో ట్రిప్పు దాకా రేవులో కూర్చుని చూసేదాన్ని."

"నేను కిటికీలో కూర్చుని హారను వినేవాణ్ణి."

"ఒక్కసారి దిగి రావాల్సింది."

"రావాల్సింది," అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఇంతకీ ఏరు దాటి వచ్చింది నా మాత్రలు లెక్క చూడ్డానికా?"

"కాదు."

 ఆవిడ రెట్టించలేదు. కాల్షియం పట్టీ సొరుగులో పెట్టేసి, థైరాయిడు మాత్ర ఒక్కటీ మంచినీళ్ళతో వేసుకుంది.

ఆ వారంలోనే ఆవిడ డాక్టర్ని అడిగింది. థైరాయిడు మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో ఒక్కటే వేసుకోవాలనీ, కాల్షియం వేసుకుంటే కనీసం నాలుగు గంటలు ఆగి వేసుకోవాలనీ, రెండూ కలిస్తే థైరాయిడు మాత్ర ఒంటికి పట్టదనీ చెప్పారట. కొన్ని నెలలుగా ఆవిడ మింగుతున్న మాత్ర సగానికి సగం వృథా అయిందన్నమాట. నీరసం పోవడానికి కొన్ని వారాలు పట్టింది.

సరంగు గురువారాలు అవతలికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. కాగితాలు మడవడం నేర్చుకున్నాడు. మడత వంకరపోతే ఆవిడ విప్పి మళ్ళీ ఇచ్చేది. సాయంత్రం లాంచీకి తిరిగి వచ్చేసేవాడు. అక్కని ఒంటరిగా వదలడం ఆయనకి కుదరదు, షాపు వదిలి రావడం బైండింగావిడకి కుదరదు. కలిసి ఉండే మాట ఇద్దరూ ఎత్తలేదు. వారంలో మిగతా రోజులు ఎప్పటిలాగే పొడుగ్గా ఉండేవి.

చలికాలంలో ఒక గురువారం పొగమంచు దిగింది. లాంచీలు ఆపేశారు. ఆయన స్వెట్టరు వేసుకుని రేవు షెడ్డులో నిలబడ్డాడు. ఎదురుగా నది లేదు, ఒడ్డు లేదు, అంతా తెల్లగా ఉంది. తన చేతిలో చుక్కాని ఉంటే ఈ మంచులో కూడా దాటించగలనని ఆయనకి తెలుసు. దాటించకూడదనీ తెలుసు. జేబులో ఫోను మోగింది.

"మీ ఒడ్డు నుంచి ఏమైనా కనపడుతోందా?" అంది ఆవిడ.

"ఏమీ లేదు. మీకు?"

"నాకూ లేదు. రేవు దాకా వచ్చాను అయినా."

"నేనూ రేవులోనే ఉన్నా."

 నీళ్ళు మెట్లకి తగులుతున్న చప్పుడు ఆయనకి రెండు చెవుల్లోనూ వినపడింది, ఒకదాంట్లో ఈ ఒడ్డుది, ఫోనున్న చెవిలో ఆ ఒడ్డుది.

"చలిలో ఎక్కువసేపు నిలబడకండి," అంది ఆవిడ. "ఇంటికెళ్ళండి."

"వెళతాను," అన్నాడు. ఆయన కదల్లేదు. ఆవిడా ఫోను పెట్టలేదు.